మంగళవారం గడి

వెర్లిన్ జాడెన్ గారి బెల్టుకు ఒక చిన్న తాళంచెవి వేలాడుతూ ఉండేది. ట్రక్కువీ, ధాన్యం గాదెలవీ, ఇంటివీ తాళాలన్నీ జేబులో గలగలలాడేవి. ఈ చిన్నదాన్ని మాత్రం ఆయన వాటితో కలవనిచ్చేవారు కాదు. మా చర్చి హాల్లో వేడిని అదుపుచేసే గోడమీది థర్మోస్టాట్‌కు ఒక ప్లాస్టిక్ డబ్బా బిగించి ఉంటుంది. అది ఆ డబ్బా తాళంచెవి.

మా హాలు కప్పు చదునుగా ఉంటుంది. దానిమీద బూడిదరంగు ఇనప యంత్రం ఒకటి కూర్చుని, చలికాలం వేడిగాలినీ ఎండాకాలం చల్లగాలినీ కిందికి పంపుతుంది. దాన్ని అందరం పెట్టె అనే అంటాం. పెట్టె ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో నిర్ణయించేది వెర్లిన్ గారే. థర్మోస్టాట్ తెరమీద వారంలోని ఒక్కో రోజుకు ఒక్కో వరస ఉంటుంది. హాల్లో జనం ఉండే వేళకు ఆయన గడి నల్లగా నింపుతారు. మూలన చిన్న ఇంటిబొమ్మ, జనం ఉండే వేళ అందులో ఒక మనిషి. మిగతా వేళల్లో ఉత్త ఇల్లే. అప్పుడు పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా ఉండేంత వేడి మాత్రం వస్తుంది.

ఆ హాలు తుడిచే పని నాది. అమ్మ మంచాన పడ్డాక బడి మానేసి ఇందులో చేరాను. తుడిచే కర్ర పట్టుకున్నవాళ్లను ఎవరూ మాట్లాడమని అడగరు.

వెర్లిన్ గారు గడి నింపేటప్పుడు మనుషుల్ని తలుచుకునేవారు. "ఆదివారం పిల్లలు పరుగెత్తుతూనే ఉంటారు, వాళ్లకి పెద్దగా అక్కర్లేదు. పాటలవాళ్లకి గొంతు బిగుసుకుపోకూడదు. పెద్దవాళ్ల భోజనానికైతే పెట్టెని బాగా ముందే లేపాలి. గాలి వేడెక్కితే సరిపోదమ్మాయ్, కుర్చీలు వేడెక్కాలి," అనేవారు. చావు భోజనాలు ముందుగా చెప్పి రావు. కబురు తెలిసిన వెంటనే ఆయనే వచ్చి గడి నింపి వెళ్లేవారు. మట్టి చేసి వచ్చినవాళ్లు హాల్లోకి అడుగుపెట్టి, కోట్లు విప్పి, అప్పుడు ఏడ్చేవారు.

ఒకసారి ఎవరో, హాలు చల్లగా ఉందనుకుని థర్మోస్టాట్ మోసపోయి వేడి ఎక్కువ పంపాలని, మంచుముక్కల సంచీ తెచ్చి ఆ ప్లాస్టిక్ డబ్బాకు కట్టారు. ఆయన దాన్ని విప్పి, రోగి నుదుటిమీద పెట్టినట్టు డబ్బామీద చెయ్యి పెట్టి, "పాపం, జ్వరం ఇప్పుడు తగ్గింది," అన్నారు. కట్టినవాళ్లు కూడా నవ్వారు.

తర్వాత గ్యాసు బిల్లు చూసి అందరూ భయపడిన చలికాలం ఒకటి వచ్చింది. చర్చి పెద్దల సమావేశంలో వెర్లిన్ గారే లేచి ఒక నియమం చెప్పారు. ఐదుగురికి తక్కువైన ఏ బృందానికీ హాల్లో గడి ఉండదు, వాళ్లు ఇళ్లలో కలుసుకోవాలి. అందరూ చేతులెత్తారు. ఆ నియమానికి మొదట పోయింది ఆర్డిత్ గారి బుధవారం బైబిలు తరగతి. అప్పటికి వాళ్లు నలుగురే మిగిలారు.

"ఐదుగురిలో యేసుని కలుపుకోవచ్చా వెర్లిన్?" అని ఆర్డిత్ గారు నడుంమీద చేతులు పెట్టుకుని అడిగారు. "ఇద్దరు ముగ్గురున్నా వస్తానన్నాడు మరి."

"వస్తాడు. కోటేసుకుని మీ ఇంటికొస్తాడు," అని ఆయన బుధవారం గడి చెరిపేశారు.

ఆవిడ ఆయనతో చాలాకాలం మాట్లాడలేదు. కానీ మంగళవారం బొంతలు కుట్టే ఆడవాళ్లలో చేరారు. ఆ బృందం పెద్దది. పాత దుప్పట్లు, చొక్కాలు చదరాలుగా కత్తిరించి అతికి, పొడుగు బల్లమీద పరిచి, నూలుతో ముడులు వేసేవారు. ఆ బొంతలు ఎక్కడెక్కడి శరణార్థులకో వెళ్లేవి. వెర్లిన్ గారి భార్య ఆర్లిస్ గారు ఆ బల్ల చివర కూర్చునేవారు.

అప్పటికే ఆవిడకు మతిమరుపు ముదిరింది. ఇంట్లో గదిగదికీ తిరిగి, "ఇంటికెళదాం వెర్లిన్, ఇక్కడెంతసేపుంటాం?" అనేవారు. కూతురి పేరు పోయింది, చెంచా దేనికో పోయింది. మంగళవారం మాత్రం ఆ బల్ల ముందు కూర్చోగానే చేతులకు అంతా గుర్తొచ్చేది. సూది దింపి, నూలు లాగి, రెండు చుట్లు చుట్టి బిగించేవారు. వెర్లిన్ గారు వంటగది కిటికీలోంచి కాఫీ తాగుతూ చూసేవారు. ఆ వేళ ఆవిడ ముఖం ఏ మరుపూ లేని మనిషి ముఖం. ఆయన వారమంతా దాన్ని చూడటం కోసమే బతికినట్టుండేది.

తర్వాత బొంతల బల్ల దగ్గర ఖాళీలు మొదలయ్యాయి. ఒకావిడ వృద్ధాశ్రమానికి వెళ్లారు. ఒకావిడ కొడుకు దగ్గరికి. మొక్కజొన్న కోతల రోజుల్లో ఆ బల్ల దగ్గరే కుట్టే బెర్నడీన్ గారు పోయారు. ఆవిడ చావు భోజనానికి గడి నింపిన చేత్తోనే వెర్లిన్ గారు బల్లచుట్టూ కుర్చీలు లెక్కపెట్టడం నేను చూశాను. ఆర్లిస్, ఆర్డిత్, మరో ఇద్దరు.

"డార్సీ ఉందిగా," అని ఆర్డిత్ గారు నావైపు వేలు చూపించారు. "దానికీ ముడులొచ్చు. కూర్చోమందాం. ఐదుగురయ్యాం."

"డార్సీ వచ్చేది పని చెయ్యడానికి. జీతగత్తెని కూర్చోబెట్టి లెక్కెడితే అది దొంగలెక్క," అన్నారు వెర్లిన్ గారు.

"అయితే గడి అలాగే వదిలెయ్యి. ఎవరడుగుతారు నిన్ను?"

"నేనడుగుతాను. నిన్ను పంపేసినప్పుడు ఏం చెప్పి పంపాను?"

"అప్పుడు కోపమొచ్చింది నీమీద. ఇప్పుడు అంతకంటే ఎక్కువొస్తోంది, మొండి మనిషీ!" ఆర్డిత్ గారు కత్తెర బల్లమీద పడేశారు. ఆర్లిస్ గారు తలెత్తకుండా ముడి బిగిస్తున్నారు.

ఇంట్లో ప్రయత్నించారు. వంటగదిలో బల్లమీద బొంత పరిస్తే ఆర్లిస్ గారు దాన్ని మడతపెట్టి పక్కన పెట్టేశారు. పక్క ఊళ్లో పెద్దవాళ్ల కేంద్రానికి తీసుకెళితే గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చారు. ఆవిడకు కావలసింది ఈ హాలు, ఈ బల్ల, కిటికీలోంచి వచ్చే కాఫీ వాసన.

మంచు మొదలైన వారం వెర్లిన్ గారు డబ్బా తాళం తీసి మంగళవారం గడి చెరిపేశారు. తర్వాత తాళంచెవిని బెల్టునుంచి విప్పి, చర్చి పెద్దల అధ్యక్షుడు కర్టిస్ చేతిలో పెట్టారు. కర్టిస్ కుర్రవాడు, పందుల ఫారం ఉంది, మాట ఇస్తే తప్పడు.

"మీ దగ్గరే ఉంచుకోండి వెర్లిన్ గారూ. నాకేం తెలుసు దాని సంగతి?"

"నా దగ్గరుంటే తెల్లారి నా చెయ్యి నా మాట వినదు. నేనొచ్చి అడిగినా ఇవ్వకు."

"మీరడిగితే కూడానా?"

"ముఖ్యంగా నేనడిగితే."

కర్టిస్ సరేనన్నాడు. ఆ తర్వాతి మంగళవారం ఆర్డిత్ గారు చల్లటి హాల్లోనే వచ్చి కూర్చున్నారు. వారం తిరిగేసరికి ఛాతీలో నెమ్ము చేరి మంచం ఎక్కారు. మిగిలిన ఇద్దరూ రాలేదు. చిన్న హీటర్లు పెట్టకూడదని బీమావాళ్ల షరతు ఉంది. హాల్లో ఆ షరతు కాగితం అతికించిందీ వెర్లిన్ గారే.

జనవరిలో ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక కాఫీ తాగుతూ కర్టిస్ నలుగురికీ చెబుతున్నాడు. "నిన్న వెర్లిన్ గారు మా ఇంటికొచ్చారు. వాకిట్లో నిలబడి, 'తాళం ఇస్తావా కర్టిస్?' అన్నారు. నన్ను పరీక్షిస్తున్నారని నాకు తెలియదా? 'మీరడిగినా ఇవ్వొద్దన్నారుగా!' అన్నాను. పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను. 'శభాష్,' అని ట్రక్కెక్కి వెళ్లిపోయారు."

అందరూ నవ్వారు. వెర్లిన్ గారు గది అవతల ఆర్లిస్ గారి కోటు గుండీలు పెడుతున్నారు. ఆయనకు వినిపించింది. ఆయన కూడా తల ఊపి నవ్వారు. ఆ నవ్వు చూశాక, ఆయన నిజంగానే తాళం అడిగారని నాకు అర్థమైంది. కర్టిస్‌తో చెప్పాలని రెండడుగులు వేశాను. అతను చెవుల దాకా నవ్వుతూ నావైపు తిరిగేసరికి, "కప్పు ఇవ్వండి, కడుగుతాను," అన్నాను.

మంగళవారం వెర్లిన్ గారూ ఆర్లిస్ గారూ హాలుకు వచ్చారు. పొద్దున్నే ఆర్లిస్ గారు కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడిపోతే ఆయన ఏం చేస్తారు? బయట గాలి మంచును నేలమీద ఈడుస్తోంది. హాల్లో మా ఊపిరి పొగలా కనిపిస్తోంది. ఆయన బల్లమీద బొంత పరిచి, సూదిలో నూలు ఎక్కించి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ సూది దింపారు. నూలు లాగబోతే వేళ్లు వంగలేదు. మళ్లీ ప్రయత్నించారు. సూది జారి బల్లమీద పడింది. ఆయన ఆవిడ చేతులు తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దారు, నోటితో ఊదారు. మళ్లీ సూది ఇచ్చారు. ఆవిడ దాన్ని తిప్పి చూశారు. చెంచాను చూసినట్టు చూశారు.

ఆ చూపు చూసి ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

కాసేపటికి ఆర్లిస్ గారు మర్యాదగా ఆయనవైపు వంగారు. "చూడండి బాబూ, ఇక్కడ చాలా చలిగా ఉంది. మీరు కాస్త వెర్లిన్‌కి చెబుతారా? మా ఆయన. పెట్టె సంగతంతా తనే చూసుకుంటాడు. చలిగా ఉందంటే చాలు, వచ్చేస్తాడు."

"చెబుతానమ్మా," అన్నారాయన.

లేచి గోడదాకా వెళ్లారు. ప్లాస్టిక్ డబ్బాలో ఉత్త ఇల్లు కనిపిస్తోంది. ఆయన చెయ్యి బెల్టు దగ్గరికి వెళ్లి, ఖాళీ కొక్కేన్ని తడిమి, కిందికి జారింది. తిరిగి వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు.

"ఏమన్నాడు?" అని అడిగారావిడ.

"వస్తున్నాడట."

ఆవిడ తృప్తిగా తల ఊపి, నూలు ఒళ్లో పెట్టుకుని, తలుపువైపు చూస్తూ కూర్చున్నారు.