పన్నెండు రాని మాస్టారు

మా కటింగ్ మాస్టారికి పన్నెండు దాకా లెక్కపెట్టడం రాదు.

ఈ మాట అనడానికి కొంత సాహసం కావాలి. అరవై పొరల గుడ్డ ఒకదానిమీద ఒకటి పరిచి మెషిన్ నడిపితే, అట్టడుగు చొక్కాకీ పైచొక్కాకీ నూలుపోగంత తేడా రాని చెయ్యి ఆయనది. అంతటివారు సూర్యనమస్కారాల దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది తర్వాత ఏడు అనేవారు. ఏడు తర్వాత, మనసు బాగుంటే, ఎనిమిది.

మా ఫ్యాక్టరీలోకి సూర్యుడు ఎలా ప్రవేశించాడో ముందు మనవి చేయాలి. మాది రెడీమేడ్ చొక్కాలు కుట్టే చోటు. రెండువందల మంది మనుషులు, వీపు ఆనించుకోడానికి ఏమీ లేని రెండువందల స్టూళ్లు. నడుములు పడిపోతున్నాయి, కుర్చీలు ఇప్పించండని కుట్టేవాళ్లు అర్జీ పెట్టుకున్నారు. యాజమాన్యం ఆరు నెలలపాటు సానుభూతితో పరిశీలించి, యోగా మంజూరు చేసింది. కుర్చీలు కొనాలి, సూర్యుడు ఊరికే వస్తాడు. ఉదయం ఎనిమిదింటికి ఆవరణలో పన్నెండు నమస్కారాలు. అవి కాగానే గేటు మూత. ఆ తర్వాత వచ్చినవాళ్లకి ఆ రోజు పని లేదు. నెలలో మూడుసార్లు అలా బయట నిలబడితే మరే రోజూ పని లేదు.

చిన్నప్పటినుంచీ చేస్తున్నారు కనుక చేయించే భారం మాస్టారి నెత్తిన పడింది. హాజరు రాసేవాణ్ణి కనుక ఆయన ముగించేదాకా కాచుక్కూర్చునే భారం నాది. కాచుక్కూర్చోడం అన్నానే గానీ, ఆయన కూర్చోనిస్తే కదా.

"మాస్టారూ, పదకొండు అయిపోయాయి" అని నేను నేలకి ముక్కు రాస్తూ గుర్తుచేసేవాణ్ణి.

"తొమ్మిదేనోయ్ గడియారం" అనేవారు. గడియారం నేనే. ఆయన ధర్మమా అని నా అసలు పేరు మా ఆవిడ కూడా మరిచిపోయింది.

"పోనీ, వేళ్లు మడిచి లెక్కపెట్టండి."

"వేళ్లు నేలమీద ఉన్నాయి కదా. ఎలా మడవను?"

దీనికి తోడు ఉపన్యాసం. మేమంతా నాలుగో భంగిమలో, ఒక కాలు చేతుల మధ్యకీ ఇంకో కాలు పరలోకానికీ చాపి ఉన్నప్పుడే ఆయనకి యోగమంటే ఏమిటో చెప్పాలనిపించేది. యోగమంటే ఒళ్లు వంచడం కాదట, కలపడమట. ఒళ్లు వంచడమే అయితే నిద్రలేచిన ప్రతి పిల్లీ యోగేనట. ఇస్త్రీ చేసే ఆయన ఒకసారి ఆ భంగిమలోంచే, "నా నడుం ఇప్పుడే రెండు ముక్కలైంది మాస్టారూ, ముందు దాన్ని కలపండి" అన్నాడు. మాస్టారు ప్రసన్నంగా చూసి, దీర్ఘంగా శ్వాస తీసుకోమన్నారు. ఇంకో పక్క, మా అందరి వెనకా ఉన్న గేటు మీదనుంచి ఆయన చూపు తిప్పేవారు కారు. సూర్యుడికి వీపు పెట్టి చేసే ఈ నమస్కారమేమిటని అడిగితే, "ఆయన ఎక్కడికీ పోడులేవోయ్" అన్నారు.

నా మోకాళ్లు పోయాయి. దానికన్నా ముందు నా సహనం పోయింది. నెల రోజులు నోటుపుస్తకంలో గుట్టుగా రాశాను: సోమవారం పదహారు, మంగళవారం పదమూడు, బుధవారం పంతొమ్మిది. అక్షరాలు ముత్యాల్లా దిద్ది మేనేజరుగారి ముందు పెట్టాను. ఆయన నా నిజాయితీకి కరిగిపోయి, మాస్టారిని ఆ పనిలోంచి తప్పించి, మైకులో రికార్డు పెట్టించారు. రికార్డులో ఎవరో తేనెగొంతు ఆవిడ. పన్నెండు అంటే పన్నెండే. ఎనిమిది నిమిషాల్లో సూర్యుడి పని పూర్తి.

మొదటి రోజు గేటు మూశాక ఊచల అవతల బొత్తాలు కుట్టే ఆవిడ నిలబడి ఉంది. వగరుస్తోంది, చేతిలో అన్నం డబ్బా. కాసేపు నిలబడి వెళ్లిపోయింది. రెండో రోజూ అంతే.

ఆ సాయంత్రం నా నోటుపుస్తకాన్నీ హాజరు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకున్నాను. ఆవిడ ఎనిమిదీ పదికి వచ్చిన రోజున నమస్కారాలు పదమూడు. ఎనిమిదింపావుకి వచ్చిన రోజున పంతొమ్మిది. ఆవిడ సెలవు పెట్టిన ఒకే ఒక్క రోజున, చిత్రం, సరిగ్గా పన్నెండు.

మాస్టారు కటింగ్ బల్ల దగ్గర సుద్దతో గీతలు గీస్తున్నారు. నేను అడగ్గా తలెత్తకుండానే చెప్పారు. ఆవిడ కొడుక్కి మాట రాదు, వినపడదు. అలాంటి పిల్లల బడి తలుపు ఎనిమిదింటికి గానీ తియ్యరు. వాణ్ణి లోపలికి పంపి ఎంత పరిగెత్తినా ఎనిమిదీ పదో, పావో అవుతుంది.

"ఈ మాట నాతో ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేది?"

"చెబితే నువ్వు రాసేవాడివి" అన్నారు.

కోపంగా అనలేదు. గుడ్డ కొలత చెప్పినట్టు చెప్పారు. అందుకే ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు మూడో రోజు. గేటు మూస్తే ఆవిడ ఉద్యోగం అక్కడితో సరి.

మూడో రోజు తేనెగొంతు ఆవిడ పన్నెండు పలికింది. కాపలా మనిషి గేటుని పట్టాలమీద తోసుకుంటూ వచ్చి ఆగిపోయాడు. సరిగ్గా పట్టాలకి అడ్డంగా మాస్టారు ఆరో భంగిమలో ఉన్నారు. గడ్డం, ఛాతీ, అరచేతులు లోపల. మోకాళ్లు, కాలివేళ్లు బయట.

"లేవండి సార్, మూయాలి."

"శ్వాస పూర్తి కాలేదు నాయనా."

అరవైకి దగ్గరపడ్డ బక్కమనిషి. ఇద్దరు కలిసి ఎత్తితే మడతమంచంలా లేస్తారు. రెండో కాపలా మనిషి అప్పుడే చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు. నేను హాజరు పుస్తకం పక్కన పెట్టి, వెళ్లి ఆయన పక్కన పడుకున్నాను. నన్ను ఎత్తాలంటే నలుగురు కావాలి. ఆ విషయంలో మా ఇంటి భోజనానికి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

"నడుం పైకెత్తు" అన్నారు మాస్టారు నేలలోకి. "ఇది నమస్కారమా, సిమెంటు బస్తా దింపడమా?"

పావుకి ఆవిడ వచ్చింది. పట్టాల మీద ఇద్దరు పెద్దమనుషుల్ని చూసి, దాటలేక నిలబడిపోయింది.

"దాటమ్మా, దాటు. ఎంతసేపు బిగబట్టమంటావు?" అన్నారు మాస్టారు. ఆవిడ చీర కుచ్చెళ్లు పట్టుకుని, కళ్లు మూసుకుని మమ్మల్ని దాటింది.

మేనేజరుగారు వచ్చి, గేటు మూసే వేళకి మేమిద్దరం లోపల ఉన్నట్టా, బయట ఉన్నట్టా అని విచారణ జరిపారు. లోపల ఉంటే హాజరు, బయట ఉంటే గైరుహాజరు. మధ్యలో ఉన్నవాళ్లకి రూలు లేదు. మాస్టారు జేబులోంచి సుద్ద తీసి, నా చొక్కామీద నడుం చుట్టూ తిన్నగా ఒక గీత గీశారు.

"ఇక్కడిదాకా లోపలండీ. కత్తిరించుకోండి" అన్నారు.

వారం తిరక్కుండానే గేటు మూసే వేళని ఇరవై నిమిషాలు పొడిగించారు. పట్టాల మరమ్మతు కారణంగా అని నోటీసులో రాశారు. మరమ్మతుకి ఈ రోజుకీ ఎవరూ రాలేదు. మాస్టారు మాత్రం ఆ నోటీసు రెండుసార్లు చదివి, "పాపం, పట్టాలకి కూడా నడుం నొప్పి పట్టుకుందన్నమాట" అని సానుభూతి ప్రకటించారు.