చెంగయ్య మీద రాసిన రెండు పేజీలు

ముద్దాయికి మతి ఉందో లేదో చెప్పాల్సింది డాక్టరే అని మా జిల్లా కోర్టుల్లో మొదట పట్టుబట్టిన మనిషి ఆనందకుమారి గారు. బోగోలు పాస్టరు కూతురు, మానసిక వైద్యురాలు. అంతకుముందు ఆ తీర్పు ఎస్సైలే ఇచ్చేసేవారు. గోల చేస్తే పిచ్చి, లేకుంటే నాటకం. ఆవిడ ఒక్కొక్క ఖైదీ దగ్గర గంటల తరబడి కూర్చునేవారు. ఆ రిపోర్టులన్నీ టైపు చేసింది ఆవిడ గుమాస్తా శివశంకర్‌ని, నేనే. ఒక కామా పోయినా నా ప్రాణం తీసేవారు.

పన్నెండేళ్ల క్రితం పులికాట్ సరస్సు ఒడ్డున ఒక జాలరి పాలెం నుంచి చెంగయ్యను తెచ్చారు. వల వేసే చోటు కోసం జరిగిన కొట్లాటలో ఒకతను చనిపోయాడు. కేసు ఇతని మీద పడింది. పోలీసులతోగానీ, లాయరుతోగానీ, ఆవిడతోగానీ చెంగయ్య ఒక్క మాట మాట్లాడలేదు. నెలన్నర చూసి, తీవ్రమైన మానసిక జబ్బు, విచారణకు నిలబడలేడు అని ఆవిడ రెండు పేజీలు రాశారు. అతన్ని దూరంగా పిచ్చాసుపత్రికి పంపారు.

పోయిన ఏడాది తడ దగ్గర వైద్యశిబిరంలో మాలకొండమ్మ అనే ముసలామె తన కొడుకు కథ ఎత్తుకుంది. వింటున్నది ఆ రిపోర్టు రాసిన ఆనందకుమారి గారే అని ఆమెకు తెలియదు.

"కొట్టింది నా కొడుకు గాదమ్మా. చెరువు మీద తగువైతే బయటోళ్లకి నోరు విప్పగూడదని మా పాలెం కట్టుబాటు. మా పాలేనికి పెద్ద, పెద్దకాపు, అందరి చేతా ఒట్టేయించినాడు. ఆయన విడిస్తేనే మాట్లాడాల. రెండేళ్లకే ఆయన కాలం జేసినాడు, కొత్తగా వచ్చినాయన ఒట్టు విడిచినాడు."

"మరి మీరు పోయి కొడుక్కు చెప్పలేదా?"

"చెప్దామనే అనుకున్నాం. పెద్ద డాక్టరమ్మే పిచ్చని రాసిందంట. అంత చదువుకున్నామె తప్పు రాస్తదా? నిజంగానే మతి పోయిందనుకొని పోవడం మానేసినాం."

తన నిర్ధారణ తప్పని కోర్టుకు రాస్తానన్నారు ఆనందకుమారి గారు. ఆవిడ ఇన్నేళ్ల పేరు మట్టిలో కలుస్తుందని నేను టైపు చేయనన్నాను. ఆవిడ చేత్తో రాసి పంపారు. నా మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

మాలకొండమ్మను, కొత్త పెద్దకాపును వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్లాం. ఇన్నేళ్ల మందులకు చెంగయ్య ఒళ్లు ఉబ్బిపోయి ఉంది. "ఒట్టు విడిచినాం నాయనా, మాట్లాడు" అన్నాడు పెద్దకాపు.

చెంగయ్య తల్లి వైపు తిరిగాడు. "ఎవురమ్మా నువ్వు?" అన్నాడు.

కోర్టు వేసిన కొత్త డాక్టరు నెలరోజులు పరీక్షించి, ఇతను విచారణకు నిలబడలేడని రాశాడు. ఆనందకుమారి గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు.

"ఈసారి నిజమే రాశారు, శివశంకర్" అని నా ముందే ఏడ్చారు.