మా మరిది మెచ్చుకున్న బ్రేకు చప్పుడు

మా ఆయన పోయాక నాకు మిగిలినవాటిలో కదిలేది ఒక్కటే, ఆయన కొన్న పాత తెల్లకారు. రైల్వే క్వార్టరు ఖాళీ చేసి ఊరి చివర లాల్‌ఖదాన్ బస్తీలో అద్దె ఇంట్లోకి దిగాను. కారు నడపడానికి మా తమ్ముడు వచ్చి నా దగ్గరే ఉండిపోయాడు. ఊళ్ళోనే కుదుదండ్ పేటలో ఒక బ్యాంకు ఆఫీసరుగారి పిల్లల్ని బడికి దింపడం, మళ్ళీ ఇంటికి తేవడం. అదే మా పొయ్యిలో నిప్పు. ఆ కిరాయి ఉన్నన్నాళ్ళూ నేను ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు.

అలాంటి కారు వానలు తగ్గాక అరవడం మొదలెట్టింది. మామూలుగా పోతున్నప్పుడు బుద్ధిగానే ఉండేది. బ్రేకు తొక్కితే చాలు, ఎవరో బండరాయిని రేకు మీద ఈడ్చినట్టు ఖర్ర్‌మనేది. మా వీధిలో ముందు కుక్కలు లేచేవి, తర్వాత మనుషులు.

ఆ పిల్లల తల్లి, బ్యాంకు అమ్మగారు, ఒకరోజు కిరాయి డబ్బుకి వెళితే నన్ను గేటు దగ్గరే ఆపేసింది.

"చూడమ్మా, ఆ శబ్దానికి నా పళ్ళు జివ్వుమంటున్నాయి. సోమవారానికల్లా బాగు చేయించండి. లేకపోతే వేరే బండి మాట్లాడుకుంటాం. పిల్లల సంగతి కదా!"

ఆవిడ మాటలో తప్పేముంది? ఆ కిరాయి పోతే మాత్రం మా పొయ్యి ఆరినట్టే.

మా మరిది క్యారేజి షెడ్డులో ఫిట్టరు. రైలుపెట్టెల బ్రేకులు చూడటమే అతని డ్యూటీ. ఇంట్లో అంత పనివాణ్ణి పెట్టుకుని బయట మెకానిక్కు దగ్గరికి పోతే పరువు తక్కువని శనివారం అతన్నే పిలిచాను. పొడుగు పిడి సుత్తి పట్టుకుని వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, ప్లాట్‌ఫారం మీద రైలు చక్రాలు కొట్టి చూసినట్టు నాలుగు చక్రాలూ టంగుటంగుమని కొట్టాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

"సక్రం బాగుంది వదినా. ఎక్కడా పగుల్లేదు."

"సక్రం మాట ఎవుడడిగాడు బావూ? అరుపు మాట సెప్పు."

మా తమ్ముడు కారు కాస్త దూరం తీసుకెళ్ళి బ్రేకు తొక్కాడు. ఖర్ర్‌! మా మరిది మొహం కచేరీలో కూర్చున్నట్టు వెలిగిపోయింది.

"అదీ బ్రేకంటే! ఇనుము ఇనుముని పట్టుకుంటంది. మా రైలు ఆగినప్పుడు సూడ్లేదేటి, ఊరంతా వినపడతాది. సప్పుడు లేని బ్రేకుని నమ్మకూడదు వదినా."

పక్కింటి రిటైర్డు రైల్వే గార్డు గోడ మీంచి, నిజమేనంటూ తన హిందీలో తలూపాడు. "హవ్, సహీ బాత్."

"మీ రైలు పుట్టినకాణ్ణించీ అరుస్తంది. ఈ కారు మొన్నటిదాకా నోరెత్తలేదు. ఇప్పుడేటొచ్చింది మరి?" అన్నాను.

"నీకు తెలీదులే వదినా."

నాకు రోలు తెలుసు. పప్పు ఉన్నంతసేపూ పొత్రం మెత్తగా తిరుగుతుంది. పప్పు అయిపోతేనే రాయి రాయిని కొరుకుతుంది. ఇందులోనూ మధ్యలో ఉండాల్సింది ఏదో అరిగిపోయిందని నా గుండె చెబుతోంది. కానీ సుత్తి పట్టినవాడితో రోలు కథ చెబితే వింటాడా?

"సరే బావూ, అంత మంచి బ్రేకు కదా. నువ్వెళ్ళి ఆ మలుపుకాడ రోడ్డు మధ్యని నిలబడు. మా తమ్ముడు జోరుగా వచ్చి నీ ముందర ఆపుతాడు."

మా మరిది గార్డు వైపు చూశాడు. గార్డుకి ఇంట్లో ఏదో పని గుర్తొచ్చినట్టుంది, గోడ మీద తల మాయమైంది.

"నాకు సోమవారం డ్యూటీ ఉంది వదినా."

"ఆ పిల్లలకీ సోమవారం బడుంది."

మా తమ్ముడు స్టీరింగు దగ్గర్నించి కేకేశాడు. "భయపడకు బావా, మెల్లగానే వస్తాన్లే!"

మా మరిది సుత్తి కింద పెట్టాడు. "జాకీ తే."

ఏ చక్రం విప్పాలో మళ్ళీ పేచీ. మా తమ్ముణ్ణి బ్రేకులు తొక్కుతూ వీధి చుట్టి రమ్మన్నాను. రాగానే, అట్లపెనం కాగిందో లేదో చూసినట్టు చెంబులో నీళ్ళు ఒక్కో చక్రం మధ్యన చిలకరించాను. మూడు చక్రాలు ఊరికే తడిశాయి. ముందు ఎడమది మాత్రం, లోపల రాసుకుని కాగిపోయిందేమో, చుయ్యిమంది.

"ఇది విప్పు."

విప్పితే లోపల డ్రమ్ము, దానిలో సగం చందమామల్లాంటి ఇనుప ముక్కలు రెండు. వాటి మీదుండే లైనింగు పట్టీ పూర్తిగా అరిగిపోయి, దాన్ని బిగించిన మేకుల తలలు డ్రమ్ముని చెక్కేస్తున్నాయి. మా మరిది ఆ గాట్ల మీద వేలు పెట్టి రాసి చూశాడు.

"దీనికి మధ్యని పట్టీ ఉండాల వదినా. రైలుకి ఉండదు."

"ఉండాల మరి."

కుడి చక్రం లైనింగూ ఆఖరికొచ్చిందని రెండువైపులవీ ఊడదీసి, సైకిలుకి కట్టుకుని తనే బజారుకి తీసుకెళ్ళాడు. కొత్త లైనింగు కొట్టించి, డ్రమ్ముని లేతు మీద నున్నగా చేయించాడు. అంతసేపూ ఆ లేతువాడికి రైలు బ్రేకుల గొప్ప చెబుతూనే కూర్చున్నాడట.

సోమవారం పొద్దున్న నేనూ కారెక్కాను. కుదుదండ్ మలుపు తిరిగిన దగ్గర్నించి గేటు దాకా మా తమ్ముడు హారను మీంచి చెయ్యి తీయలేదు. కారు మాత్రం పిల్లిలా ఆగింది. అమ్మగారు పిల్లలతో బయటికొచ్చి, చెవి అటు పెట్టి, మళ్ళీ నడిపించి, మళ్ళీ ఆపించి చూసింది. కిక్కురుమనలేదు.

"బాగుందమ్మా. మరి ఆ హారనేంటి, అంత గోల?"

మా తమ్ముడు నవ్వాడు. "అలవాటైపోనాది అమ్మగారూ. బ్రేకు బాగోనప్పుడు హారను మీదే లాగించీసినాను."

ఆవిడ చేతులు వెంటనే పిల్లల భుజాల మీద బిగుసుకున్నాయి. వాడి కాలు తొక్కాను గానీ ఏం లాభం? అన్న మాట గేటు దాటి లోపలికి వెళ్ళిపోయింది. కిరాయి పోయిందనుకున్నాను.

"ముందు నేనెక్కుతాను. గట్టిగా తొక్కి చూపించు," అంది.

వెనక సీట్లో కూర్చుంది. వాడికి గట్టిగా అని చెప్పడమే పొరపాటు. వీధి చివర ఒక్కటి తొక్కాడు. చప్పుడు లేదు గానీ అమ్మగారి నుదురు వచ్చి నా సీటు వెనక ఠంగున తగిలింది. నేను వెనక్కి తిరగలేదు.

గేటు దగ్గర దిగి, నుదురు రుద్దుకుంటూ పిల్లల్ని పిలిచింది.

"బ్రేకు పడుతోందిలే. ఎక్కండి. ముందు సీటు గట్టిగా పట్టుకోండి."