ఫుజైరా క్వారీలో ఉత్తుత్తి నెత్తురు

ఫుజైరా కొండల్లో రాయి కొట్టే ఆ కంపెనీకి ఏడాదికోసారి కూలీల మీద ప్రేమ పుట్టుకొస్తుంది. ఆ వారానికి భద్రతా వారోత్సవం అని పేరు. "మనమంతా ఒకే కుటుంబం" అని నాలుగు భాషల్లో బ్యానర్లు కడతారు. లడ్డూలు పంచుతారు. చివరి రోజున ఒక ఉత్తుత్తి ప్రమాదం జరుపుతారు. క్రషర్ దగ్గర సైరన్ మోగుతుంది, కొందరు కూలీలు దెబ్బలు తగిలినట్టు నేలమీద పడుకుంటారు, పచ్చ కోట్లవాళ్లు స్ట్రెచర్లు పట్టుకుని పరుగెత్తుకొస్తారు, అందరూ ఫొటోలు దిగుతారు. ఈ సైట్లో ప్రమాదాలే లేవని గేటు దగ్గర ఎత్తయిన బోర్డు ఉంటుంది గనక, గాయాలు బయటినుంచి తెప్పించుకోవాల్సిందే. తెచ్చేవాడు అమీర్ జాన్.

అమీర్ జాన్‌ది రాయచోటి. దుబాయ్‌లో సత్వా అనే పేటలో ఒక సెలూన్‌లో గడ్డాలు గీసేవాడు. దేశం వదిలిపోతున్న ఒక ఇంగ్లీషు ముసలాయన తన వీడియో క్యాసెట్లన్నీ ఆ సెలూన్‌లో పడేసి పోయాడు. అన్నీ యాభైలలో, అరవైలలో బ్రిటన్‌లో తీసిన భయానక చిత్రాలే. వాటి ఇంగ్లీషు అమీర్ జాన్‌కి సగమే అర్థమయ్యేది, కథ అసలు అక్కర్లేదు. బొమ్మ ఆపి ముఖాలు చూసేవాడు. ఆ చిత్రాల మేకప్‌వాళ్లకు డబ్బూ లేదు, వ్యవధీ లేదు. శవాల ముఖాలు సరిచేసే మైనం, దూది, జిగురు, ఇవే సరంజామా. పొద్దున్నే నటుడి ముఖం మీద రాక్షసుణ్ణి అతికించి, సాయంత్రానికి పీకేసేవాళ్లు. కొలోడియన్ అనే ద్రవం పూస్తే అది ఆరుతూ చర్మాన్ని లోపలికి లాగి ఏళ్లనాటి మచ్చలా చేస్తుంది. నెత్తురు మాత్రం పోస్టు డబ్బా ఎరుపు. ఒంట్లో పారే నెత్తురు ఏనాడూ అంత ఎర్రగా ఉండదు. అయినా చూసేవాళ్లు జడుసుకున్నారు.

ఇదంతా అతను గదిలో తోటివాళ్ల ముఖాల మీద నేర్చుకున్నాడు. తర్వాత ఒక మాల్‌లోని దయ్యాల కొంపలో పని దొరికింది. 2020లో కరోనా వచ్చి దయ్యాలను కూడా ఇంట్లో కూర్చోబెట్టింది. అప్పటినుంచి కంపెనీల డ్రిల్లులకు గాయాలు కట్టిస్తూ బతుకుతున్నాడు. వినయం బొత్తిగా లేదు. ఆ పాత బ్రిటిష్ వాళ్ల తర్వాత మేకప్ తెలిసినవాడు తానొక్కడేనని నమ్మకం. ఇప్పటి సినిమాల సంగతెత్తితే, "కంప్యూటర్లో చేసేది మేకప్పాప్పా? అది టైపింగు" అంటాడు.

2023 నవంబరులో క్వారీవాళ్లు మళ్లీ పిలిచారు. మైనం ఎండకు కారిపోతుందని అతనికి ఏసీ ఉన్న క్యాబిన్ ఇచ్చారు. నెత్తురుకు వాడే పాకం ఖర్జూరాలది, అందులో ఎర్ర రంగు. దాని వాసనకు ఈగలు ముందే చేరాయి. బెంచీ మీద 'క్షతగాత్రులు' వరసగా కూర్చున్నారు. ఫోర్‌మన్ ఈ వేషాలకు ఎప్పుడూ ఆ వారం పనికి అక్కరకు రానివాళ్లనే పంపుతాడు. చివర్న కూర్చున్న భోజన్న అలా వచ్చినవాడే. కోరుట్ల పక్క ఊరు, క్రషర్ దగ్గర బెల్టు శుభ్రం చేసే పని. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

అమీర్ జాన్ తువ్వాలు విప్పి మొహం చిట్లించాడు.

"ఇది ఎవురు చేసినారప్పా? నాకంటే ముందు ఇంకోణ్ణి పిలిపించినారా?"

"ఎవ్వలు జెయ్యలే భాయ్."

"అట్లయితే నువ్వే చేసుకున్యావా? వాపు బాగా తెచ్చినావు, మెచ్చుకోవల్ల. రంగే సచ్చింది. ఈ పసుపేంది, ఈ మట్టి రంగేంది? నెత్తురు యాడుంది?"

మైనం అంచు సరిగా అతికిందో లేదోనని బొటనవేలితో గట్టిగా నొక్కాడు. మైనమైతే సొట్ట పడాలి. చీము వచ్చింది. భోజన్న నోరు తెరవకుండా బల్ల మీదికి వంగిపోయాడు.

నకిలీ గాయాలు చేసి చేసి ఆ చేతులకు అసలు గాయం తెలియకుండా పోయింది. అమీర్ జాన్ చెయ్యి వెనక్కి తీసుకుని బొటనవేలు తుడుచుకున్నాడు.

"ఏం పూసినావు దీనికి?"

"పసుపు, కాఫీ పొడి. పోయిన జుమ్మాకు ముందు బెల్ట్ల వడ్డది."

"ఆస్పత్రికి పోల్యా?"

"ఫోర్‌మన్ వద్దన్నడు. బోర్డు కరాబైతదట. ముదీర్, గదే పెద్ద మేనేజర్, కోపానికొస్తే వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతరట. ఇన్సూరెన్స్ కార్డు సుత ఆఫీసులనే వెట్టుకున్నరు." భోజన్న చెయ్యి వంక చూడకుండానే చెప్పాడు. "చిటికెనేలు తెలుస్తలేదు భాయ్. సూదితోని గుచ్చిన. తెలుస్తలేదు. చెయ్యి పోతదా?"

డ్రిల్లు పద్ధతి అమీర్ జాన్‌కి తెలుసు. పడుకున్నవాళ్లందరి మెడలో రంగు ట్యాగులు వేస్తారు. పచ్చ ట్యాగువాళ్లకు జ్యూస్ ఇచ్చి పనికి పంపేస్తారు. ఎర్ర ట్యాగు అందరికంటే పెద్ద దెబ్బ ఉన్న ఒక్కరికే. ఆ ఒక్కణ్ణి మాత్రం నిజంగా అంబులెన్స్‌లో ఎక్కించి ఊళ్లో ఆస్పత్రి దాకా తీసుకెళ్తారు, బండి ఎంతసేపట్లో చేరుతుందో చూడాలి కదా. నిజమైన గాయం ఇంకే గాయాన్నయినా గెలుస్తుందని అతను లెక్కేసుకున్నాడు. భోజన్న చేతిని అలాగే వదిలేశాడు.

కాసేపటికి సేఫ్టీ ఆఫీసర్ రత్నాకర్ వచ్చాడు. విజయవాడ మనిషి, ఇస్త్రీ చొక్కా మీద మెరిసే జాకెట్. వెంట ట్యాగులు నిర్ణయించే ఇంగ్లీషు కన్సల్టెంటు, అబుదాబి నుంచి రప్పించిన నిపుణుడు. ఆయన వరసంతా చూసుకుంటూ వచ్చాడు. బిహారీ కుర్రాడి తొడలోంచి పొడుచుకొచ్చిన మైనపు ఎముక చూసి ముచ్చటపడి ఫొటో తీసుకున్నాడు. భోజన్న దగ్గరకొచ్చి పెదవి విరిచాడు.

"సార్‌కి ఇది నమ్మబుద్ధి కావట్లేదంటండి" అన్నాడు రత్నాకర్. "కొంచెం సహజంగా ఉండాలంటున్నారు. దీనికి పచ్చ ట్యాగ్ చాలు."

"ఇది నిజం గాయం సార్" అన్నాడు అమీర్ జాన్.

రత్నాకర్ నవ్వి ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. మేకప్‌వాళ్లంతా ఇదే మాట అంటారని కన్సల్టెంటు కూడా నవ్వాడు. ఒక్క అడుగు ముందుకేసి వంగి ఉంటే ఇద్దరికీ వాసన తెలిసేది. ఎవరూ వంగలేదు. కుటుంబం అన్నారు గాని, ముక్కు పెట్టి చూస్తామని ఎవరన్నారు?

వాళ్లు వెళ్లాక అమీర్ జాన్ తలుపు మూశాడు. ఆ క్షణాన అతనిలో పొంగింది దయ అని రాసుకుంటే బాగుంటుంది. తన క్యాబిన్‌లోంచి ఒక గాయం పచ్చ ట్యాగుతో బయటికి పోతోందన్న ఉక్రోషమే ఎక్కువ.

"గాయం నిజమైతే సాలదు ప్పా, గాయం మాదిరి కనపడల్ల" అన్నాడు. "దీని జోలికి నేను పోను. పైన కడతా అబద్ధం. గమ్మునుండు."

అరచేతికి శుభ్రమైన గాజుగుడ్డ చుట్టాడు. మోచేతికి కింద, ఏ దెబ్బా లేని చర్మం మీద మైనం మెత్తి, మధ్యలో చీల్చి, చిన్న ఎముక గుచ్చాడు. అంచులకు దూది, దాని మీద కొలోడియన్. చివర్న ఖర్జూరపు నెత్తురు, పోస్టు డబ్బా ఎరుపులో, భుజం దాకా చిమ్మించాడు.

"ఆస్పత్రిలో గుడ్డ విప్పి చూపించు. బెల్టులో పడిందని చెప్పు. వాళ్లు వాపస్ పంపుతామన్నా కదలొద్దు."

"యాక్టింగ్ జెయ్యాల్నా భాయ్?"

"నీకు యాక్టింగ్ ఎందుకు? నొప్పుంది కదా."

సైరన్ మోగింది. నేలమీద పడున్న భోజన్నను చూసి కన్సల్టెంటు మోకాళ్ల మీద కూర్చుని మరీ మెచ్చుకున్నాడు. ఎర్ర ట్యాగు స్వయంగా వేశాడు. ఈగలతో సహా అంబులెన్స్ కదిలింది.

ఆస్పత్రిలో మలయాళీ నర్సు నవ్వుతూ మైనపు ఎముక పీకింది, గాజుగుడ్డ విప్పింది, నవ్వడం ఆపేసింది. డాక్టర్ని పిలిచింది. డ్రిల్లు అయిపోయింది, పేషెంటును వెనక్కి పంపండని రత్నాకర్ ఫోన్ చేసేసరికి భోజన్నను ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. చిటికెనవేలు తీసేయక తప్పలేదు. ఇంకో రెండ్రోజులు ఆగి ఉంటే మణికట్టు దాకా పోయేదని డాక్టర్ అన్నాడు. చెయ్యి దక్కింది.

రెండో రోజు రత్నాకర్ నారింజపళ్లతో వార్డుకొచ్చాడు. మంచం మీద ఓ పక్కగా కూర్చుని గొంతు తగ్గించాడు.

"చూడు భోజన్నా, ఆ మేకప్ మందులు పడక ఇన్ఫెక్షన్ వచ్చిందని చెప్పావంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. నీ ఉద్యోగం నీకుంటుంది. సైటు పేరు కూడా నిలబడుతుంది."

"మరి ఆ భాయ్?"

"అతను బయటివాడు కదయ్యా."

భోజన్న కట్టు కట్టిన చెయ్యి దిండు మీదికి జరుపుకున్నాడు.

"బెల్ట్ల వడ్డది సార్. డాక్టర్ అడిగితే నిన్ననే జెప్పిన, ఆయన పోలీసోళ్లకు సుత జెప్పిండట. ఇగ నేనేం మార్చజాల. ఖలాస్." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఒక నారింజ ఒలిచియ్యున్రి సార్, ఒక్క చేతితోని అయితలేదు" అన్నాడు.

భద్రతాధికారి రత్నాకర్, మెరిసే జాకెట్ విప్పి ఒళ్లో పెట్టుకుని, నారింజ ఒలవడం మొదలుపెట్టాడు.