మండుటెండలో శాలువా

2005లో గల్ఫ్‌లోని ఫుజైరాలో ఒక చిన్న క్లినిక్‌లో నర్సుగా చేసేదాన్ని. జూలై నెల, పైగా ఏసీ పాడైంది. అందరం చెమటతో తడిసిపోతుంటే, ఒక అరబ్బు మేడమ్ తన ఇంట్లో పనిచేసే సత్యవతిని వెంటబెట్టుకొచ్చింది. సత్యవతేమో శాలువా కప్పుకుని వణుకుతోంది!

"ఎప్పుడూ నిద్రే. ఖలాస్, ఊరికి పంపించేస్తా" అంది మేడమ్ వచ్చీరాని హిందీలో.

"బద్ధకం కాదండి సిస్టరుగారూ, ఒళ్లు లేవట్లేదండి" అని సత్యవతి గోదావరి యాసలో ఏడ్చేసింది.

గొంతు బొంగురుపోయింది, ముఖం ఉబ్బింది, చర్మం పొడిబారింది. చెయ్యి పట్టుకుంటే నాడి మరీ నెమ్మదిగా కొట్టుకుంటోంది. నాకు భయమేసి, థైరాయిడేమోనని డాక్టరుగారితో అన్నాను. రక్తపరీక్షలో అదే తేలింది; థైరాయిడ్ తగ్గితే మండుటెండలోనూ చలేస్తుంది, ఎప్పుడూ నిద్రొస్తుంది. మాత్రలు వాడితే మామూలు మనిషవుతుందని ఆయన నచ్చజెబితే మేడమ్ మెత్తబడింది.

మరుసటి వేసవిలో మా ఏసీ మళ్లీ మొరాయించింది. కళగా ఉన్న ఒకావిడ లోపలికొచ్చి, చున్నీతో విసురుకుంటూ నిలబడింది.

"నేనండి, సత్యవతిని. ఇదేం ఉక్కండి బాబూ, చచ్చిపోతున్నాను! ఆ ఏసీ బాగుచేయించరేంటండీ?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరో దణ్ణాలు పెట్టి వెళ్లారు. నాకు మాత్రం ఆ కసురే ముద్దుగా గుర్తుండిపోయింది.