అవతలి ఒడ్డున సంచి

మీ సంచి మీకంటే ఒక రోజు ముందే గడప దాటితే మీ ప్రయాణం మొదలైనట్టేనా? జవాబు చెప్పే ముందు మా ఇంటి సంగతి వినండి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖపట్నానికి సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు. విమానంలో రెండు గంటలు. అక్క ఎడమ కంట్లో రెటీనా ఊడుతోందనీ, వెంటనే విశాఖలో ఆపరేషన్ చేయించమనీ ఇక్కడి డాక్టరు చెప్పాడు. శుక్రవారం పొద్దున పది గంటల విమానంలో మా ఇద్దరికీ సీట్లు దొరికాయి.

శుక్రవారం పడమరకు శూల అన్నాడు బావ. ఆ రోజు అటు వెళితే కీడట. విరుగుడు కూడా ఆయనే చెప్పాడు. గురువారమే అక్క సంచిని ఉత్తరాన హోప్ టౌన్‌లో తన తమ్ముడింట పెడితే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. మర్నాడు మొదటి బోటులో తెచ్చుకోవచ్చు. హోప్ టౌన్ ఎంత దూరమని? హార్బరుకు అవతలి ఒడ్డు. మా జెట్టీలో నిలబడితే ఇళ్ల రేకులు కనిపిస్తాయి.

“సంచి ఏ ఇంట్లో పడుకుందో విమానానికెలా తెలుస్తుంది బావా?” అన్నాను.

“నీ లెక్చర్లు మీటింగుల్లో ఇచ్చుకో. ఇది నా పెళ్లాం కన్ను.”

“ఒగ్గెయ్ తమ్ముడూ,” అంది అక్క. “ఒక్క రాత్రే కదా. ఆయన మనసు కుదుటపడతాది.”

శకునాలను వేదికలెక్కి చీల్చి చెండాడిన వాణ్ణి, నోరు మూసుకున్నాను.

సంచిలో చీరలే ఉన్నాయనుకున్నాను. ఆధార్ కార్డూ స్కాన్ కాగితాలూ అందులోనే సర్దిందని శుక్రవారం జెట్టీలో తెలిసింది. అప్పటికే గాలి లేచి బోట్లు ఆపేశారు.

“బోట్ బంద్ భయ్యా, హవా దేఖో,” అన్నాడు తాడు కడుతున్న మనిషి. “సంచి కోసం నన్ను ముంచేస్తారా ఏటి?”

బావ తమ్ముడు సంచి పట్టుకుని స్కూటర్ మీద చుట్టుదారిన బయలుదేరాడు. మేం ఎయిర్‌పోర్టు గేటు దగ్గర నిలబడ్డాం. కార్డు లేనిదే అక్కను లోపలికి పంపరు. చివరికి ఫోను మోగింది. చౌల్దారీ దగ్గర చెట్టు కూలి రోడ్డు మూసుకుపోయిందట.

బోటును ఆపిన గాలి విమానాన్ని ఆపలేదు. అది మా తలల మీదుగా పోతుంటే అక్క కుడికన్ను మూసుకుని పైకి చూసింది.

“చప్పుడే గానీ కనబడట్లేదురా.”

మళ్లీ సీట్లు దొరికింది నాలుగో రోజుకు. ఆ మూడు రోజులూ అక్క కిటికీ దగ్గరే కూర్చుంది. కంట్లో నల్లతెర ఎంతవరకు దిగిందో నాకు వేలితో ముఖం మీద గీత గీసి చూపించేది. ఆ గీత రోజూ జరిగేది. చుట్టూ సముద్రం. నేనేం చేయగలను?

ఆపరేషన్ అయింది. ఆ కంటికి ఇప్పుడు వెలుతురు మాత్రం తెలుస్తుంది. ఆలస్యమే కారణమని సర్జన్ అనలేదు, కాదనీ అనలేదు. సంచి ముందే పంపబట్టి ఆ వెలుతురైనా మిగిలిందని బావ అంటాడు. ఆయన్ని తిట్టను. ఆయన నమ్మి చేశాడు. నమ్మకుండానే ఊరుకున్నది నేను.

రేపు బయలుదేరాల్సిన మీ సంచి ఇవాళ ఇంకొకరింట్లో ఉందా? ఇది చదవడం ఆపండి. ఇంట్లోవాళ్లు అలిగినా సరే, ఇప్పుడే వెళ్లి దాన్ని తెచ్చుకోండి.