నలభై పేజీల వాన

మా ఇల్లు సికింద్రాబాద్ అంచున, యాప్రాల్ గుట్టల నుంచి దిగే వాగు ఒడ్డున ఉండేది. గుట్టల మీద వాన పడితే ఆ నీళ్లు మా పెరటి వెనక్కి రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. గడియారంతో కాదు, పుస్తకంతో. గుట్టలు వానలో తెల్లబడగానే పెరటి గడప మీద కూర్చుని నవల తెరిచేదాన్ని. వాగు చప్పుడు మారే వరకు ఎన్ని పేజీలు చదివానో డైరీలో రాసుకునేదాన్ని. మామూలుగా నలభై. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నానని అమ్మ అనుకునేది. పుస్తకం చేటలోనే ఉండేది.

వాగులో బట్టలుతికే అవ్వకు కూడా ఆ లెక్క తెలుసు. వరద వచ్చిందంటే రెండు రోజులు నీళ్లు పనికిరావు. అందుకని గుట్టల మీద వాన కనిపించాక, వెళ్లిపోవడానికి బదులు ఇంకో మూట విప్పేది. వాళ్ల అత్త నేర్పిన పద్ధతి అది.

"ముందు గుట్టకు దూప తీరాలె గద బిడ్డా. గది తాగినంకనే మనకొస్తయి," అనేది.

గుట్ట నిజంగానే తాగేది. వాలు మీద చేలున్నవాళ్లు ఏటా ఎండాకాలంలో అడ్డంగా రాళ్ల కట్టలు సరిచేసుకునేవారు. వాటి వెనక నీళ్లు నిలిచి ఇంకేవి. పైన సీతాఫలం పొదలూ గడ్డీ ఉండేవి.

పోలీసు చర్యకు ముందు గొడవల రోజుల్లో ఆ రైతులు భయపడి వెళ్లిపోయారు. తెగిన కట్టలను ఎవరూ పట్టించుకోలేదు. పొదలు బొగ్గుకూ వంటచెరుకుకూ పోయాయి. ఆ చర్య తర్వాత కొందరు తిరిగొచ్చారు గాని, అప్పటికి కట్టల రాళ్లు ఎవరెవరి గోడల్లోకో చేరాయి.

మరుసటి వానాకాలం మొదటి వానకు నా డైరీలో ఇరవై పేజీలు. రెండో వానకు పద్నాలుగు. ఎప్పుడూ పలచగా టీ రంగులో వచ్చే నీళ్లు ఎర్రగా, చిక్కగా వచ్చాయి. ఆ రెండుసార్లూ అవ్వ ఇక్కడ లేదు. సీతాఫల్‌మండిలో కూతురింట్లో ఉంది. తిరిగి రాగానే, నీళ్లు ఇప్పుడు తొందరగా వస్తున్నాయని చెప్పాలనుకున్నాను. నీకెలా తెలుసని అడిగితే అమ్మ ముందు పుస్తకం సంగతి బయటపడుతుంది. ఆమె వచ్చాక కూడా రేపు చెబుదాంలే అని నాలుగు రోజులు గడిపాను.

ఐదో రోజు గుట్టలు తెల్లబడ్డాయి. అవ్వ వాగు మధ్య బండ దగ్గర ఉంది. పక్కనే ఆమె గాడిద, ముందుకాళ్లకు బంధం వేసి ఉంది. అది చెవులు రిక్కించి ఒడ్డు వైపు గెంతబోయింది.

"ఏందే నీ తొందర? పెండ్లికి పోవాల్నా? జెర ఆగు, ఇంకో మూటున్నది," అంది అవ్వ.

నేను లేచి నిలబడ్డాను. వెనక వసారాలోంచి అమ్మ, "ఇంకా అవలేదుటే? బియ్యం కంటే రాళ్లే ఎక్కువున్నట్టున్నాయి!" అంది. నేను మళ్లీ కూర్చున్నాను. "అవ్వా, పైకి వచ్చెయ్" అన్నాను గాని, ఆ మాట నా చేట దాటి వెళ్లలేదు. అవ్వ వంచిన నడుం ఎత్తలేదు. ఏం చేయాలో తోచక పేజీ తిప్పాను.

పదకొండో పేజీలో ఉండగా వాగు చప్పుడు మారింది. అవ్వ గాడిద కాళ్ల బంధం విప్పడానికి వంగింది. తడిసిన ముడి రాలేదు. నీళ్లు నడుం దాకా వచ్చేసరికి ఒడ్డు మీది తుమ్మకొమ్మ పట్టుకుని బయటపడింది. గాడిద కాసేపు తల ఎత్తి ఉంచింది. తర్వాత కనిపించలేదు.

వారం తర్వాత అవ్వ మూట నెత్తిన పెట్టుకుని మా పెరట్లోకి వచ్చింది. పుట్టిన నాటి నుంచి తన చేత్తో మేపిన గాడిదట.

"నువ్వు పిలిచే ఉంటవు బిడ్డా. నీళ్ల సప్పుడుల నాకే ఇనవడలేదు," అంది.

నేను పిలిచినప్పుడు నీళ్ల చప్పుడే లేదు. ఆ మాట కూడా ఆమెకు చెప్పలేదు. ఆమె మూట సర్దుకుని వాగులోకి దిగుతుంటే తలూపాను.